డాక్టర్ సలహా: పార్కు సంగతి తర్వాత, ముందు బాబుకు రక్తపరీక్ష

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే ఫ్యాక్టరీ ఒకటి మా వీధి చివర ఉండేది. మూతపడి చాలా ఏళ్లయింది. అక్కడ ఎర్రమట్టి తోలి పార్కు కడతామని మున్సిపాలిటీ వాళ్లు అంటున్నారు. ఆయాసం ఉన్న మా అత్తగారు అందులో వాకింగ్ చేయొచ్చా? ఇప్పుడు కూడా సాయంత్రాలు మా మూడేళ్ల బాబును అక్కడే ఆడిస్తారు. బాబు మన్ను తింటాడు. ఆరు నెలలుగా కడుపునొప్పి, మలబద్ధకం. మెడికల్ షాపులో అడిగి నులిపురుగుల మందు మూడుసార్లు వేశాం.

జవాబు: అమ్మా, మీరు అత్తగారి గురించి అడిగారు. నాకు టెన్షన్ బాబు గురించి. సీసం కరిగించిన చోట మన్ను తినే పిల్లాడికి కడుపునొప్పి, మలబద్ధకం అంటే ముందు సీసాన్నే అనుమానించాలి. బాబును చూడకుండా అదేనని తేల్చలేను. కానీ రేపటి నుంచి అక్కడికి పంపొద్దు. ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించి, రక్తంలో సీసం ఎంతుందో, హిమోగ్లోబిన్ ఎంతుందో పరీక్ష చేయించండి. సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 45, ఆపైన ఉంటే ఒంట్లోంచి సీసాన్ని బయటకు పంపే చెలేషన్ మందులు ఆసుపత్రిలో అవసరం అవుతాయి. అవి సొంతంగా వాడేవి కావు.

ఆరు నెలలు షాపు మందులతో గడిపేశారు, అదే నాకు బాధగా ఉంది. అంగన్‌వాడీలో ఏటా రెండుసార్లు నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఎలాగూ వేస్తారు. దాని మీద మీరు మూడుసార్లు వేశారు. పురుగులు కాదేమో అన్న ఆలోచన రెండోసారికే రావాల్సింది. చిన్నపిల్లల ఒంటికి పెద్దవాళ్లకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ సీసం పడుతుంది, మెదడుకు జరిగిన నష్టాన్ని మందులు పూడ్చలేవు. నాటుమందులు, భస్మాలు ఏవైనా పెట్టి ఉంటే మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పండి. కొన్నింటిలో సీసమే ఉంటుంది. ఇల్లు చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. తినేముందు బాబు చేతులు సబ్బుతో కడగండి. చోడి అంబలి, ఆకుకూరలు, గుడ్డు పెట్టండి. ఐరన్, కాల్షియం తక్కువైతే సీసం ఇంకా ఎక్కువ ఒంటికి పడుతుంది.

ఇక పార్కు. సీసం కుళ్లిపోయేది కాదు, ఏళ్లు గడిచినా మట్టి పైపొరలోనే ఉంటుంది. పల్చగా ఎర్రమట్టి పరిస్తే రెండు వానలకు కొట్టుకుపోతుంది. పునాదులు తవ్వితే అడుగుమట్టి పైకొస్తుంది. కొలిమి ఎక్కడుండేది, యాసిడ్ ఎటు పారబోశారు, సీసం కరిగించాక మిగిలిన చిట్టెం ఎక్కడ పోశారు అని పాత పనివాళ్లను అడిగి, స్థలాన్ని గళ్లుగా విడదీసి పైమట్టి, లోతుమట్టి, చుట్టుపక్కల బావుల నీళ్లు పరీక్షించాలి. విషం ఎక్కువున్న మట్టిని పరవాడలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. మిగిలిన చోట షీటు పరిచి మందంగా మంచిమట్టి కప్పి, మళ్లీ పరీక్ష చేశాకే జనాన్ని రానివ్వాలి. కలుషిత స్థలాల మీద 2025లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం మీరు మున్సిపాలిటీకి గానీ కలెక్టరేట్‌కు గానీ ఫిర్యాదు ఇవ్వొచ్చు. రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. బాబు రిపోర్టు వస్తే దాని కాపీ కూడా జతచేయండి. ఆ వీధిలో మిగతా పిల్లల తల్లులకూ చెప్పండి.

అత్తగారి ఆయాసం గుండెదా, ఊపిరితిత్తులదా, రక్తహీనత వల్లా అన్నది మీరు రాయలేదు. ఈసీజీ, ఎక్స్‌రే, హిమోగ్లోబిన్ చూడకుండా ఎంతసేపు నడవొచ్చో చెప్పలేను. అప్పటిదాకా ఆ స్థలం వైపు కాకుండా ఇంకోవైపు, చల్లపొద్దున మెల్లగా నడవమనండి.