తెల్లవారుజామున తేలే చేపకు యాంటీబయోటిక్ ఎందుకు?

ప్రశ్న: మాది గుడివాడ వైపు. రైవస్ కాలువ కింద 5 ఎకరాల చెరువు. ఎకరాకు 2,000 చొప్పున శీలావతి, బొచ్చె వేశాం. సగటున 800 గ్రాములకు వచ్చాయి. రోజుకు 6 బస్తాల మేత సంచుల్లో పోసి చెరువులో కడుతున్నాం. వాయుగుండంతో ముసురు పట్టినప్పటి నుంచి తెల్లవారుజామున చేపలు తేలి నోళ్లు ఆడిస్తున్నాయి, తొమ్మిదింటికి లోపలికి పోతున్నాయి. రోజూ కొన్ని పెద్ద బొచ్చెలు చనిపోతున్నాయి. మొప్పల తెగులని విజయవాడ షాపులో యాంటీబయోటిక్ ఇస్తే 4 రోజులు మేతలో కలిపాం, తగ్గలేదు. డోసు పెంచాలా? పరిగెలు, చిన్న చేపలు కూడా మేత తినేస్తున్నాయి, వాటిని చంపే మందు చెప్పండి. ఫొటోలు పంపుతున్నాం.

జవాబు: డోసు పెంచవద్దు, మిగిలిన మందు కూడా ఆపేయండి. మీ చెరువులో మొప్పల తెగులు లేదు. ఫొటోలో చచ్చిన బొచ్చె నోరు తెరిచే ఉంది, మొప్ప మూత పైకి లేచి ఉంది, లోపల మొప్ప ఎర్రగా, శుభ్రంగా ఉంది. తెగులు తగిలితే మొప్ప పాలిపోయి, చివర్లు కుళ్లి, జిగురు పడుతుంది. పైగా తొమ్మిదింటికల్లా చేపలు లోపలికి పోతున్నాయని మీరే రాశారు. ఎండ రాగానే తగ్గిపోయే తెగులేదీ లేదు. ఇది ఆక్సిజన్ చాలక ఊపిరాడకపోవడం. నీటిని పచ్చగా ఉంచే ప్లాంక్టన్ అనే సూక్ష్మ నాచు పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే దాన్ని వాడుకుంటుంది. ముసురులో పగటి సంపాదన తగ్గింది, రాత్రి ఖర్చు తగ్గలేదు.

ఈ రాత్రి నుంచే ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) 12 గంటలకు వేసి, ఉదయం 6.30 దాకా ఆపకండి. చాలామంది సాయంత్రం 6 నుంచి 10 వరకు తిప్పి, అసలు అవసరమైన వేళకు కట్టేస్తున్నారు. ఏరియేటర్లు చాలకపోతే ఇంజనుతో చెరువు నీటినే తోడి, పైపు ఎత్తిపెట్టి మళ్లీ చెరువులోకే చిమ్మండి. ఆక్సిజన్ బిళ్లలు మరీ అత్యవసరానికి దగ్గర పెట్టుకోండి, డబ్బా మీద ఉన్న మోతాదులోనే వాడండి. చెరువు అడుగున ఉన్న నీరు 20–30 సెంటీమీటర్ల మేర తీసి కాలువ నీరు పెట్టండి. ఆ కాలువ నీరు నల్లగా, వాసనగా ఉంటే మాత్రం పెట్టవద్దు.

మేత 2 రోజులు పూర్తిగా ఆపండి. మీ లెక్కే చూడండి: 10,000 చేపలు, 800 గ్రాములు, అంటే 8 టన్నులు. ఈ సైజుకు బరువులో 2 శాతం, రోజుకు 160 కిలోలు చాలు. 50 కిలోల బస్తాలైతే మీరు 300 కిలోలు కడుతున్నారు. మిగిలిందంతా అడుగున కుళ్లి ఆక్సిజన్ తింటోంది. మూడో రోజు 80 కిలోలతో మొదలుపెట్టండి. మేత కట్టిన 2–3 గంటలకు సంచులు తడిమి చూడండి. మిగిలి ఉంటే మర్నాడు తగ్గించండి. ముసురు రోజున సగమే కట్టండి.

పచ్చదనం తగ్గించమని ఎవరైనా మైలుతుత్తం ఇస్తే తీసుకోవద్దు. ప్లాంక్టన్ ఒక్కసారిగా చస్తే అది కుళ్లడానికే ఉన్న ఆక్సిజన్ అంతా పోయి, చెరువు మొత్తం తేలుతుంది. సున్నం కూడా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) చూడకుండా చల్లవద్దు, సున్నం దాన్ని ఇంకా పెంచుతుంది. మధ్యాహ్నం పీహెచ్ 8.5 దాటితే సున్నం ఊసే వద్దు. మేత, చేపల మలినాల నుంచి నీటిలో పుట్టే అమ్మోనియాలో 7.5 పీహెచ్ దగ్గర నూటికి 2 పాళ్లే విషంగా ఉంటుంది, 9 దగ్గర 40 పాళ్ల దాకా వెళుతుంది.

ఇక మీరు అడగని సంగతి. మందు కలిపిన మేత తిన్న చేపను ఇప్పుడు అమ్మకూడదు. చివరి మోతాదు నుంచి కనీసం 4 వారాలు పట్టుబడి పెట్టవద్దు. డబ్బా మీద మందు పేరే లేదు, ఆ డబ్బా తీసుకురండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి ఆక్వాలో నిషేధం. అవే అయితే ఎన్ని వారాలు ఆగినా ఆ చేప అమ్మకానికి పనికిరాదు. షాపులో నీళ్లు చూశారా? పీహెచ్ అడిగారా? చేపను కోసి చూశారా? ఇవేమీ లేకుండా ఇచ్చింది వైద్యం కాదు, సరుకు అమ్మకం. మన చేప ఐసు పెట్టెల్లో కోల్‌కతా, గువాహటి దాకా వెళ్లి పిల్లల కంచాల్లో పడుతుంది. 2018లో ఫార్మాలిన్ అనుమానం రాగానే అస్సాం మన చేపను కొన్నాళ్లు ఆపేసింది. నష్టపోయింది రైతులే. 2022లో ప్రపంచంలో చేపలు, రొయ్యల వంటి జలజీవుల్లో వేటాడిన వాటి కంటే పెంచినవే ఎక్కువయ్యాయి. ఇంతమంది తిండి మన చెరువుల మీద ఆధారపడినప్పుడు మందు విషయంలో ఉదాసీనత తగదు.

పరిగెలను చంపే మందు నేను చెప్పను. అది శీలావతినీ చంపుతుంది. చిన్న కన్ను వల 15 రోజులకోసారి లాగి వాటిని పట్టండి. కొర్రమీను దొరికితే తప్పక తీసేయండి, అది చేప పిల్లలను మింగుతుంది. మిగతా చిన్న చేపలను తల, ముల్లుతో సహా తింటాం కాబట్టి పెద్ద చేప ముక్కలో దొరకనంత కాల్షియం వస్తుంది. మోలా అనే చిన్న చేపలో విటమిన్ ఎ కూడా పుష్కలం. బంగ్లాదేశ్‌లో కార్పులతో కలిపి దాన్ని పెంచే పద్ధతిపై పనిచేసిన శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. ఇంట్లో గర్భిణులకు, పసిపిల్లలకు ఇంతకంటే చవకైన పోషణ లేదు. అయితే అవీ మీ మందు మేత తిన్నాయి. ఆ 4 వారాలు వాటినీ ఇంటికి తేవద్దు.

పీహెచ్, అమ్మోనియా పరీక్షకు పైనుంచి ఒక అడుగు లోతులో లీటరు సీసా నిండా, బుడగ లేకుండా నీళ్లు పట్టి అదే పూట తెండి. ఆక్సిజన్ మాత్రం దారిలో మారిపోతుంది. కిట్టుతో గట్టు మీదే ఉదయం 5 గంటలకు కొలవండి. లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపుంటే ఏరియేటర్లు చాలడం లేదని అర్థం, వెంటనే ఫోన్ చేయండి.