కాలిన గాయంతో ఇంటికొచ్చాక ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

మరిగే నూనె పడి చెయ్యి కాలిన అమ్మను డిశ్చార్జ్ చేశారు, ఆస్పత్రేమో చాలా దూరం, ఇక ఫోన్‌లో చూపిస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. చాలావరకు సరిపోతుంది, ఫోటో సరిగ్గా తీస్తే.

కట్టు మార్చేటప్పుడు కిటికీ దగ్గర, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. పక్కన చిన్న స్కేలు పెట్టండి. ప్రతిసారీ అదే దూరం, అదే కోణం. ట్యూబ్‌లైటు కింద తీస్తే ఎరుపు ఎంతుందో డాక్టరుకు సరిగా తెలియదు. పసుపో టూత్‌పేస్టో పూసేస్తే ఇక చూడ్డానికేమీ ఉండదు!

గాయం మానినంత మాత్రాన పని అయిపోదు. మచ్చ గట్టిపడి వేళ్లు బిగుసుకోకుండా రోజూ వ్యాయామం చేయించాలి. డాక్టరు ప్రెషర్ గార్మెంట్ (మచ్చను నొక్కి ఉంచే బిగుతైన తొడుగు) రాసి ఉంటే రోజుకు దాదాపు 23 గంటలు, నెలల తరబడి వేసుకోవాలి. దురదకీ ఉక్కకీ తట్టుకోలేక మధ్యలోనే తీసేసేవాళ్లు చాలామంది. ఫోన్‌లో అలారం, ఫిజియోథెరపిస్టుతో వీడియో కాల్ ఇక్కడే అక్కరకొస్తాయి. మీ డాక్టరు దొరక్కపోతే ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ఉంది, ఉచితం. అక్కడ కొత్త డాక్టరు ఉంటారు కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టుకోండి.

జ్వరం, చీము, దుర్వాసన, చుట్టూ పాకుతున్న ఎరుపు కనిపిస్తే మాత్రం ఫోటో పంపి జవాబు కోసం కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.