ఊత్‌కు, సైగాన్ బస్సెక్కే ముందు

ఊత్ తల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. సైగాన్‌లోని థూ డుక్‌లో ఉన్న వియత్నాం జాతీయ విశ్వవిద్యాలయంలో నీకు సీటొచ్చిందని చెబుతుంటే తమ్ముడి గొంతులో సంతోషం ఎంతుందో దిగులూ అంతే ఉంది. ట్రా విన్ యూనివర్సిటీలో చేరితే ప్రతి ఆదివారం ఇంటికి వచ్చేదానివని వాడి బాధ. ఇంట్లో కడగొట్టుదానివని పుట్టినప్పటి నుంచీ ఊత్ అనే పిలుచుకున్నాం. ఆ కడగొట్టుదే ఇప్పుడు కోటి దాటిన జనంలోకి ఒక్కతే బయల్దేరుతోంది. నాకు గర్వంగా ఉందే, నిజంగా. కానీ హాస్టల్ సంగతి తేలకముందే ఫోన్‌లో గదులు చూస్తున్నావనీ, ఎవరికో అడ్వాన్సు పంపబోతున్నావనీ మీ అమ్మ వెనక నుంచి అంది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ డబ్బు పంపకు. మిగతాదంతా తర్వాత.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను. చిప్ ఉన్న గుర్తింపు కార్డు, జనన ధ్రువపత్రం, స్కూలు మార్కుల పుస్తకం, పాసైనట్టు ఇచ్చిన తాత్కాలిక పత్రం. అసలువి ఒక ప్లాస్టిక్ కవర్లో, నకళ్లు వేరే కవర్లో పెట్టుకో. 2025 జూలై 1 నుంచి మన బెన్ త్రె ప్రావిన్సు విన్ లాంగ్ ప్రావిన్సులో కలిసింది, జిల్లాలు ఎత్తేశారు. కార్డు మీద పాత చిరునామా ఉన్నా చెల్లుతుంది గానీ ఫారాల్లో కొత్త పేరు రాయాలి. ఇప్పుడే చీటీ మీద రాసి దగ్గర పెట్టుకో. కాలేజీలో ఆరోగ్య బీమా ఫారం ఇచ్చినప్పుడు ఆసుపత్రి పేరు కాలేజీ దగ్గరిది రాయి. మన ఊరిది రాస్తే జ్వరమొచ్చినప్పుడు ఇబ్బంది పడతావు.

మొదటి ఏడాదికి మాత్రం హాస్టలే. విశ్వవిద్యాలయం వాళ్ల హాస్టల్ ఎ బ్లాకులూ బి బ్లాకులూ కలిపితే చిన్న పట్టణమంత ఉంటుంది, బయటి గదికన్నా చవక. దరఖాస్తు తెరిచిన రోజే పెట్టు. అక్కడ దొరక్కపోతేనే గది.

ఇక అడ్వాన్సు. మన వైపు పిల్లలు ఏళ్ల తరబడి చేస్తున్న పాత పొరపాటు ఇది. ఒక బ్యాచి నేర్చుకుంటుంది, మళ్లీ ఆగస్టు రాగానే కొత్త బ్యాచి అదే చేస్తుంది.

ఎలా జరుగుతుందో చెబుతాను, నీకొచ్చిన మెసేజీలతో పోల్చి చూసుకో. ముందు ఫోటోలు వస్తాయి. తెల్లటి టైల్స్, పెద్ద కిటికీ, పైన పడుకోవడానికి అటక, విడిగా బాత్రూమ్, కాలేజీకి అయిదు నిమిషాలు. చుట్టుపక్కల నెల అద్దె 30 లక్షల డాంగ్ ఉన్న చోట ఇది 18 లక్షలే. నువ్వు అడగ్గానే ఒక్క గదే మిగిలిందంటారు, సాయంత్రం ఇద్దరు చూడ్డానికి వస్తున్నారంటారు. 5 లక్షలు పంపితే నీకోసం ఆపుతాం, నచ్చకపోతే తిరిగిచ్చేస్తాం అంటారు. పంపాక అగ్రిమెంటు ఖర్చని ఇంకో 3 లక్షలు. ఆ తర్వాత ఆ నంబరు పలకదు. ఆ ఫోటోలు ఏ హోటల్‌వో అయ్యుంటాయి.

అంత పచ్చి మోసం కాకపోయినా డబ్బు పోయే దారులు ఇంకో రెండున్నాయి. గది నిజమే, కానీ డబ్బు తీసుకున్నవాడు ఓనరు కాడు. ఖాళీ చేసి పోతున్న పాత అద్దెవాడో, మధ్యలో బ్రోకరో. ఓనరు దగ్గరికి వెళ్తే ఆ పేరే వినలేదంటాడు. రెండోది ఇంకా బాధగా ఉంటుంది. ఓనరూ నిజమే, గదీ నిజమే. తీరా వెళ్లి చూస్తే చేపల మార్కెట్ వెనక, పగలే లైటు వెయ్యాల్సిన గది. వద్దంటే, వద్దన్నది నువ్వు కదా, అడ్వాన్సు పోయినట్టే అంటాడు. చట్టం కూడా వాడి వైపే మాట్లాడుతుంది. 2015 సివిల్ కోడ్ 328వ ఆర్టికల్ ప్రకారం అడ్వాన్సు ఇచ్చినవాళ్లు వెనక్కి తగ్గితే ఆ డబ్బు అవతలివాళ్లకే. తీసుకున్నవాళ్లు వెనక్కి తగ్గితే అడ్వాన్సూ ఇచ్చి, దానికి సమానమైన మొత్తం ఇంకా ఇవ్వాలి. ఇద్దరూ వేరేగా ఒప్పుకుంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది. నచ్చకపోతే తిరిగిస్తానన్న మాట కాగితం మీద లేకపోతే అది లేనట్టే.

బాగా చదివే పిల్లలు ఎందుకు ఇందులో పడతారో తెలుసా? తెలివి లేక కాదు, మొహమాటం వల్ల. ఫోన్‌లో ఒక పెద్దావిడ అమ్మా, తల్లీ అని పిలిస్తే, మీ గుర్తింపు కార్డు చూపించండి అని అడగడానికి మీకు నోరు రాదు. పెద్దవాళ్లకు ఎదురు ప్రశ్న వెయ్యకూడదని పెంచింది మేమే. ఆ తప్పు మాది, నీది కాదు. అందుకే ఏమనాలో నేనే రాసిస్తున్నాను, ఇలాగే చదివెయ్యి: "పిన్నిగారూ, మా అత్తయ్య గది చూడకుండా డబ్బు కట్టొద్దన్నారు. ఆవిడతో కలిసి వస్తాను." నెపం నా మీద వెయ్యి. నిజమైన ఓనరు రమ్మంటుంది. మోసగాడైతే విసుక్కుంటాడు. ఆ విసుగే నీకు కావలసిన జవాబు.

చూసి నచ్చాక కూడా కాగితం లేకుండా పైసా ఇవ్వొద్దు. అందులో ఇవన్నీ ఉండాలి: ఓనరు పేరూ కార్డు నంబరూ, గది చిరునామా, నెల అద్దె, అడ్వాన్సు ఎంత (మామూలుగా ఒక నెల అద్దె), ఏ తేదీన చేరతావు, ఖాళీ చేసే ముందు ఎన్ని రోజుల నోటీసు, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగిస్తారు. కరెంటు యూనిట్ ఎంత, నీళ్లు మనిషికింతా లేక మీటరా, బండి పెట్టడానికి ఎంత. డబ్బు పంపే ఖాతా పేరూ కాగితం మీద పేరూ ఒకటే అయ్యుండాలి. అల్లుడి ఖాతా, చెల్లెలి ఖాతా అంటే ఆగిపో. చేరిన రోజే కరెంటు మీటరు అంకె కనబడేలా ఫోటో తియ్యి. పగిలిన టైలు, ఊడిన గొళ్లెం, గోడ మీద చెమ్మ, అన్నీ తీసి ఆ రోజే ఓనరుకు జాలో మెసేజీ యాప్‌లో పంపు. లేకపోతే ఏడాది తర్వాత అవన్నీ నీ ఖాతాలో పడతాయి.

కరెంటు మీద గొడవ పడతావేమో, లెక్క మాత్రం తెలుసుకుని ఉండు. 2025 మేలో వేసిన రేట్లలో మొదటి 50 యూనిట్లు 1,984 డాంగ్ చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 2,050 చొప్పున. నలుగురు అద్దెవాళ్లను ఒక ఇంటి కింద లెక్కేస్తారు. మీరు నలుగురుండి 100 యూనిట్లు కాలిస్తే పన్ను కాకుండా 2,01,700 డాంగ్. ఓనర్లు యూనిట్‌కు 4,000 వేస్తే అదే 4 లక్షలవుతుంది. రేటు ముందే అడిగితే అద్దె తక్కువని మురిసిపోయిన గది అసలు ధర తెలుస్తుంది. 30 రోజులకు మించి ఉంటే తాత్కాలిక నివాసం నమోదు చేయించాలి, దానికి ఓనరు ఒప్పుకోవాలి. నమోదు చేయించనంటే ఆ గది వదిలెయ్యి.

నువ్వు నదిగట్టున పుట్టినదానివి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎంత లేస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పోటే సైగాన్‌కూ వస్తుంది. పాత ఏడో డిస్ట్రిక్ట్‌లో చాన్ సువాన్ సోవాన్ వీధిలో వాన చినుకు లేకుండానే డ్రైనేజీలోంచి నీళ్లు పైకొస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మరీ ఎక్కువ. థూ డుక్ మార్కెట్ చుట్టూ అయితే గట్టి వాన పడితే చాలు. ఆగస్టులో చూసిన గది పొడిగానే ఉంటుంది కాబట్టి గోడలు చూడు. అడుగున ఒకే ఎత్తులో గోధుమరంగు గీత ఉందా? ఫ్రిజ్ కింద ఇటుకలున్నాయా? గుమ్మానికి కొత్తగా సిమెంటు కట్ట కట్టారా? సందు మొదట్లో ఐస్ కాఫీ అమ్మే ఆవిణ్ణి అడుగు, ఓనరు చెప్పనిది ఆవిడ చెబుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా భయమైన సంగతి. 2023 సెప్టెంబరు 12 రాత్రి హనోయ్‌లో ఖుయాంగ్ హా సందులో ఒక అపార్ట్‌మెంట్ తగలబడి 56 మంది పోయారు. కింద బళ్లు, పైకి ఒక్కటే మెట్లదారి. పొగ ఆ మెట్లలోంచే పైకెళ్లింది. మరుసటి ఏడాది మేలో చుంగ్ కిన్ వీధి దగ్గర అద్దె గదుల్లో ఇంకో 14 మంది. సైగాన్ సందుల్లోనూ అలాంటి ఇళ్లే ఉన్నాయి. దొంగల భయంతో బాల్కనీకి ఇనుప బోను బిగిస్తారు. దొంగ రాలేడు, నువ్వూ బయటికి పోలేవు. గది చూసేటప్పుడు అద్దె అడిగే ముందు బయటికి రెండో దారేదని అడుగు. బోనుకు లోపలి నుంచి తెరుచుకునే తలుపుండాలి, తాళంచెవి దాని పక్కనే వేలాడాలి. ఆ తలుపు నీ చేత్తో ఒకసారి తెరిచి చూడు, తుప్పు పట్టి బిగుసుకుని ఉండొచ్చు. వీధి గేటుకు వేలిముద్ర తాళముంటే కరెంటు పోయినప్పుడు ఎలా తెరుస్తారో అడుగు. బ్యాటరీ బళ్లు మెట్ల కింద రాత్రంతా చార్జింగ్ పెట్టే ఇల్లయితే వద్దు. అటక మీద పడుకునేవాళ్లకు పొగ ముందు తగులుతుంది, అందుకని కిటికీ లేని అటక గది ఎంత చవకైనా వద్దు. ఎప్పుడైనా మెట్లలో పొగ కనిపిస్తే దాన్లోంచి కిందికి పరుగెత్తకు. తలుపు మూసి, సందుల్లో తడి తువ్వాలు కుక్కి, కిటికీ దగ్గరికెళ్లి ఫైరింజనుకు 114కు ఫోన్ చెయ్యి. నీకు విసుగొచ్చినా సరే, ఈ పేరా రెండుసార్లు చదువు.

పార్ట్‌టైమ్ పని మొదటి సెమిస్టర్‌లో వద్దు. తప్పదంటే గంటకు కనీస వేతనం 2026 జనవరి నుంచి 25,500 డాంగ్ అని గుర్తుంచుకో. యూనిఫాంకు డిపాజిట్ కట్టమన్నా, గుర్తింపు కార్డు మా దగ్గర ఉంచమన్నా లేచి వచ్చెయ్యి. 2019 లేబర్ కోడ్ ఆ రెండూ చెయ్యకూడదంటుంది. కరెంటు స్తంభాల మీద అప్పిస్తామని అంటించిన నంబర్ల వైపు చూడనే వద్దు. డబ్బు చాలకపోతే సోషల్ పాలసీ బ్యాంకులో విద్యార్థి రుణం ఉంది. మన ఊరి మహిళా సంఘంలో మీ అమ్మను అడగమను.

పోలీసునంటూ వీడియో కాల్ చేసి, కేసులో నీ పేరుందనీ, ఎవరికీ చెప్పకుండా హోటల్ గదిలో ఉండమనీ ఎవడైనా అంటే పెట్టెయ్యి. పోలీసులు వీడియో కాల్‌లో విచారణ చెయ్యరు. పెట్టేసిన వెంటనే నాకు చెయ్యి, రాత్రి రెండైనా సరే. డబ్బు పోగొట్టుకున్నా చెయ్యి. తిట్టనని చెప్పను, తిడతాను, ఆ తర్వాత వచ్చి తీసుకెళ్తాను.

ప్రయాణం తేలికే. 2009లో మన నది మీద రాచ్ మియూ వంతెన పడకముందు ఫెర్రీ కోసం గంటలకొద్దీ క్యూ ఉండేది, పండగలకైతే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు రెండో వంతెన కూడా వచ్చింది. సైగాన్‌లో మియెన్ తాయ్ బస్టాండులో దిగాక చెయ్యి పట్టుకుని లాగే బండివాళ్లతో మాట్లాడకు. సిటీ బస్సులో బెన్ థాన్ దాకా, అక్కణ్నుంచి మెట్రో. విద్యార్థుల నెల పాసు 1,50,000 డాంగ్. ఫోన్ రోడ్డు వైపు చేతిలో పట్టుకుని నడవకు, బండి మీద వచ్చి లాక్కుపోతారు.

మీ అమ్మ థర్మోకోల్ పెట్టెలో బియ్యం, ఎండుచేపలు, కొబ్బరి మిఠాయి సర్దుతుంది, వద్దనకు. పెట్టెకు రెండు వైపులా నీ పేరూ ఫోన్ నంబరూ పెద్దక్షరాలతో రాయి. ఒకవైపే రాస్తే డిక్కీలో అది గోడ వైపు తిరుగుతుంది, పెట్టె వేరేవాళ్లతో దిగిపోతుంది.

హాస్టల్ రాకపోతే పౌర్ణమికి ఒకరోజు ముందు బయల్దేరి రా. పౌర్ణమినాడు సాయంత్రం, పోటు లేచే వేళకు, నేనూ వస్తాను. కలిసి గదులు చూద్దాం.

నీ మూడో అత్త