ముందు స్టిక్కర్లు వేయించు, ఫ్లెక్సీ సంగతి తర్వాత

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కొటేషన్ చూశాను. ఐదు వేల కరపత్రాలు, రెండు పెద్ద ఫ్లెక్సీలు, వెయ్యి విజిటింగ్ కార్డులు, క్యాలెండర్లు, కీచైన్లు, పెన్నులు. ఏసీ రిపేరు షాపు తెరిచి ఇంకా నిలదొక్కుకోనే లేదు, ఉన్న డబ్బులో సగం ఈ సామానుకే పోయేట్టుంది. గవర్నర్‌పేటలో ఇన్నేళ్లు ప్రెస్సు నడిపినవాణ్ణని నన్ను అడిగావు, మంచి పని చేశావు. ఆ కొటేషన్‌కి ఇప్పుడే సరే అనకు.

ఏసీ ఆగిపోతే ఎవరూ వీధిలోకి వచ్చి ఫ్లెక్సీలు వెతకరు. పోయినసారి వచ్చిన కుర్రాడి నంబర్ ఉందా అని ఇంట్లో వాళ్లని అడుగుతారు. లేకపోతే పక్కింటివాళ్లని అడుగుతారు. అదీ కుదరకపోతే ఫోన్‌లో వెతుకుతారు. నీ డబ్బు కూడా ఆ వరసలోనే ఖర్చుపెట్టు. నువ్వు ఒకసారి పనిచేసి వచ్చిన ఇంట్లో నీ నంబర్ మిగిలిపోవాలి. అది జరిగాకే కొత్తవాళ్ల సంగతి.

అందుకే ముందు స్టిక్కర్లు వేయించమంటున్నాను. నీ కొటేషన్‌లో అవి అసలు లేవు! కాగితం స్టిక్కర్ వద్దు, వినైల్ అనే ప్లాస్టిక్ షీటు మీద వేయించు. బయట అవుట్‌డోర్ యూనిట్ మీద ఎండా వానా పడతాయి, కాగితమైతే ఒక్క వానకే ఊడొస్తుంది. రంగుల విషయంలోనూ జాగ్రత్త. ఎండకి ముందు వెలిసిపోయేవి ఎరుపు, పసుపు. ఎర్ర అక్షరాల్లో వేసిన నంబర్ రెండు వేసవులు గడిచేసరికి కనపడదు. తెల్లటి మీద నల్లటి అక్షరాలతో నంబర్ వేయించు, రంగులు పెట్టాలనిపిస్తే పేరు దగ్గర పెట్టుకో.

స్టిక్కర్‌లో మూడు ఖాళీ గీతలు ఉండాలి: సర్వీసు చేసిన తేదీ, గ్యాస్ రకం, మళ్లీ సర్వీసు ఎప్పుడు. పని అయ్యాక పర్మనెంట్ మార్కర్‌తో అక్కడే రాయి. బాల్ పెన్ వినైల్ మీద సరిగ్గా పట్టదు. గ్యాస్ ఆర్32 వేశావా, ఆర్410ఏ వేశావా, పాత ఏసీ అయితే ఆర్22నా అన్నది రాసి ఉంటే, వచ్చే ఏడాది అక్కడికి వెళ్లేది నువ్వైనా ఇంకొకడైనా పని తేలికవుతుంది. ఇంటివాళ్లకి కూడా, ఈ అబ్బాయి లెక్కగా చేస్తాడు అనిపిస్తుంది. ఆ నమ్మకం ఏ కరపత్రంతోనూ రాదు.

ఎక్కడ అంటించాలన్నది కూడా చూసుకో. ఇండోర్ యూనిట్ ముందు భాగం మీద అంటిస్తే ఆ ఇంటి ఇల్లాలికి నచ్చదు, నువ్వు గేటు దాటకముందే పీకేస్తుంది. స్టెబిలైజర్ పక్కన ఒకటి, అవుట్‌డోర్ యూనిట్ మీద ఒకటి చాలు. కరెంటు మెయిన్ స్విచ్చులుండే ఎంసీబీ బాక్సు మూత లోపలివైపు అంటించడానికి ఒప్పుకుంటే ఇంకా మంచిది. ఏసీ ఆగిందంటే జనం ముందు తెరిచి చూసేది దాన్నే. ఏదైనా అంటించే ముందు "ఇక్కడ పెట్టమంటారా అమ్మా" అని అడుగు.

ఇక విజిటింగ్ కార్డు. మూడున్నర అంగుళాలకి రెండు అంగుళాల మామూలు సైజే మంచిది, పర్సులో పడుతుంది. డై కటింగ్ పెట్టి ఏసీ ఆకారంలో చేయించమని డిజైనర్ చెప్పినట్టున్నాడు, వద్దు. 300 జీఎస్ఎం (కాగితం బరువు, మందం చెప్పే లెక్క) ఆర్ట్ కార్డు, ముందువైపు మ్యాట్ లామినేషన్. వెనకవైపు లామినేషన్ లేకుండా ఖాళీగా వదిలేయమను. లామినేషన్ మీద పెన్ను పట్టదు. అక్కడ నువ్వు మాట్లాడుకున్న రేటో, వస్తానన్న టైమో రాసిచ్చావనుకో, ఆ కార్డుని పారేయడానికి చేయి రాదు. ముందువైపు నీ పేరు, చేసే పనులు, తిరిగే ఏరియాలు, ఒకే ఒక్క నంబర్. మూడు నంబర్లు వేస్తే ఏది ఎత్తుతావో వాళ్లకి తెలియదు.

నీ డిజైన్‌లో పెద్ద పెద్ద ఏసీ కంపెనీల లోగోలు వరసగా ఉన్నాయి. అవన్నీ తీసేయించు. మన వీధిలో అందరూ వేసుకుంటున్నారు కదా అంటావు. ఆ గుర్తులు ఆ కంపెనీల ట్రేడ్‌మార్కులు. నీకు వాళ్ల ఆథరైజేషన్ లేదు. లోగో చూసి కంపెనీ మనిషే అనుకుని ఫోన్ చేసినవాళ్లు, కాదని తెలిశాక నీ పనితనం ఎంత బాగున్నా అనుమానంగానే చూస్తారు. కంపెనీ నోటీసు పంపితే ఆ టెన్షన్ వేరే. "అన్ని కంపెనీల స్ప్లిట్, విండో ఏసీలు బాగుచేయబడును" అని మాటల్లో రాసుకో. ఉన్నమాటే చెప్పినట్టవుతుంది.

కరపత్రాలు పూర్తిగా వద్దనను. వేయించే టైము ముఖ్యం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. అప్పటి నుంచి ఉగాది దాకా జనం ఏసీ ఆన్ చేసి చూసుకునే రోజులు, నీకు పంచాల్సిన రోజులు అవే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి ఎలాగూ నీ ఫోన్ ఆగదు, చేతులు చాలవు. అప్పుడు కరపత్రం పంచి ఫోన్లు తెప్పించుకుని, రేపొస్తా ఎల్లుండొస్తా అనడం పేరు పోగొట్టుకోవడమే.

ఐదు వేలు కాదు, ముందు రెండు వేలు చాలు. ఊరంతా చల్లకు. పటమటలో నీ షాపు చుట్టూ, బండి మీద పది నిమిషాల్లో చేరగల కాలనీలు ఎంచుకో. భవానీపురం నుంచి ఫోన్ వస్తే ఆ ట్రాఫిక్‌లో అంత దూరం పోయి రావడానికే పూట గడిచిపోతుంది. పేపర్లో పెట్టించేటట్టయితే ఆదివారం వద్దు. ఆ రోజు పేపరు నిండా బట్టల షాపులవీ కోచింగ్ సెంటర్లవీ కాగితాలే, నీది వాటి మధ్య పడి చెత్తబుట్టలోకి పోతుంది. మంగళవారమో బుధవారమో పెట్టించు. తెల్లవారుజామున పేపర్లు సర్దే చోటికి ఒకసారి నువ్వే వెళ్లి, నీ కట్ట నిజంగా లోపల పెడుతున్నారో లేదో చూసుకో.

కరపత్రంలో ధర వేయాలా అని అడిగావు. వేయి, నిజమైన ధర వేయి. "కేవలం ఇంతకే" అని ఎర చూపించి, ఇంటికెళ్లాక గ్యాస్ పోయింది, కెపాసిటర్ పోయింది అని బిల్లు పెంచేవాళ్లతో జనం విసిగిపోయి ఉన్నారు. విజిటింగ్ చార్జి ఎంత, పని చేయించుకుంటే అది బిల్లులో తగ్గిస్తావా లేదా, మామూలు సర్వీసుకి ఎంత, ఈ మూడూ స్పష్టంగా రాస్తే చాలు. మిగతా కాగితం ఖాళీగా ఉన్నా పర్వాలేదు.

ఫ్లెక్సీ ఒక్కటి చాలు, అదీ నీ షాపు మీదకే. సెంటర్‌లో స్తంభాలకి కట్టించకు. పర్మిషన్ లేకుండా కడితే మునిసిపాలిటీ వాళ్లు పీకేస్తారు, ఫైన్ పడినా పడుతుంది. అక్షరం అంగుళం ఎత్తుంటే పది అడుగుల నుంచి హాయిగా చదవొచ్చన్నది బోర్డుల పనిలో పాత లెక్క. నీ షాపు ముందు రోడ్డు నలభై అడుగులు. అవతలి వైపు పోయేవాడికి కనపడాలంటే నంబర్ కనీసం నాలుగంగుళాల ఎత్తుండాలి. నువ్వు పంపిన డిజైన్‌లో మంచుకొండ బొమ్మ, పెంగ్విన్, దేవుడి ఫొటో, పదహారు రకాల సేవలు ఉన్నాయి. నంబర్ మాత్రం అడుగున చిన్నగా ఉంది. "ఏసీ రిపేరు" అన్న మాట, నంబర్, అంతే ఉంచమను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్న రోజున ఆ నంబర్ కూడా బోర్డు మీద వేయాలి, అది రూలు. సేవలు చేసేవాళ్లకి ఏడాదికి టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి ఇప్పటికి ఆ కంగారు లేదు.

కీచైన్లు, పెన్నులు కొట్టేయి. ఫ్రిజ్ మ్యాగ్నెట్లు కూడా ఇప్పుడు ముందులా పనికిరావు, గ్లాస్ డోరు ఫ్రిజ్‌లకి అవి అంటుకోవు.

క్యాలెండర్ మాత్రం మన ఇళ్లలో నిలిచే వస్తువు. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం చూసుకోవడానికి రోజూ దాని ముందు నిలబడతారు, పాలవాడి లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ దాని మీదే రాసుకుంటారు. కానీ ఖర్చెక్కువ. ఈ ఏడాది వద్దు. ఏడాది కాంట్రాక్టు ఇచ్చే క్లినిక్కులు, ఆఫీసులు ఓ పాతిక కుదిరాక, వాళ్ల కోసం మాత్రం వేయించు. క్యాలెండర్లు అచ్చువేసే శివకాశి వాళ్ల కొత్త బొమ్మల ఆల్బమ్‌లు ఏటా ఆగస్టు మొదట్లోనే వచ్చేస్తాయి. డిసెంబర్లో పరిగెత్తితే మిగిలిన బొమ్మలే దొరుకుతాయి.

ఇలా మిగిలిన డబ్బుతో రెండు జతల టీషర్టులు కుట్టించు, జేబు మీద షాపు పేరుతో. నీకూ, నీ దగ్గర పనిచేసే కుర్రాడికీ ఫొటో ఉన్న ఐడీ కార్డులు చేయించు. మధ్యాహ్నం పూట ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి వెళ్లేవాళ్లు మీరు. తలుపు సందులోంచి చూసినప్పుడు ఎవరో తెలియాలి కదా. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్ కూడా చొక్కా చూసే లోపలికి పంపుతాడు. దీన్ని ప్రచారం అని ఎవరూ అనుకోరు గానీ, ఇళ్లలోకి వెళ్లి చేసే పనికి దీన్ని మించింది నాకు కనపడలేదు.

ఫోన్‌లో వెతికేవాళ్ల కోసం గూగుల్‌లో షాపు వివరాలు పెట్టు, దానికి పైసా ఖర్చు లేదు. పని బాగా అయిన ఇంట్లో రివ్యూ రాయమని అడగడానికి మొహమాటపడకు. వాట్సాప్ బిజినెస్‌లో రేట్లు పెట్టుకో. ఎవరెవరివో నంబర్లు కొనుక్కుని అందరికీ మెసేజ్‌లు మాత్రం పంపకు. నంబర్ బ్లాక్ అవుతుంది. బల్క్ ఎస్ఎంఎస్‌కి టెలికాం కంపెనీల దగ్గర డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ ఉండాలి, లేకుండా సొంత సిమ్ నుంచి పంపితే ఫిర్యాదుల మీద సిమ్ పోతుంది.

ఇప్పుడు ప్రూఫ్ సంగతి, అంటే అచ్చుకి ముందు సరిచూసుకోమని ఇచ్చే నమూనా, దీన్ని తేలిగ్గా తీసుకోకు. డిజైన్ చేసేవాళ్లకి లోగో వాట్సాప్‌లో ఫొటోలా పంపితే మసకబారుతుంది, డాక్యుమెంట్‌లా పంపు. స్క్రీన్ మీద మెరిసే నీలం, అచ్చులో వంకాయ రంగుకి తిరగొచ్చు, ముందే ఒక ప్రింటు తీసి చూపించమను. నువ్వు ఫోన్‌లో టైపు చేసి పంపిన తెలుగుని వాళ్లు ప్రెస్సుల్లో వాడే “అను” ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి. "సర్వీస్", "గ్యారంటీ" లాంటి మాటల దగ్గర ఆగి, కూడబలుక్కుని చదువు. చివరికి, ప్రూఫ్ మీద ఉన్న నంబర్ చూస్తూ ఇంకో ఫోన్ నుంచి డయల్ చెయ్యి. గుర్తున్నది నొక్కకు, కాగితం మీద ఉన్నదే నొక్కు. నీ ఫోన్ మోగితేనే సంతకం పెట్టు.

ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ "మా నంబర్ ఎక్కడ దొరికిందండీ" అని అడిగి, ఒక పుస్తకంలో రాసుకో. స్టిక్కర్, కార్డు, కరపత్రం, బోర్డు, గూగుల్, తెలిసినవాళ్లు. వచ్చే శివరాత్రికి ఏది ఎంత వేయించాలో ఆ పుస్తకం చూసుకుని నువ్వే తేల్చుకోగలవు.

కొత్త ప్రూఫ్ రాగానే నాకు పంపు, అచ్చుకి ఇచ్చే ముందు నేనూ ఒకసారి చదువుతాను. మీ అమ్మని అడిగానని చెప్పు. మోకాలి నొప్పికి డాక్టర్ రాసిన మందులు మానకుండా వేసుకోమను.

ఇట్లు,
మీ మామయ్య