పాటల పేజీ: పేరు వినని ప్రోగ్ బ్యాండ్లను పట్టేదెట్లా?

ప్రశ్న: పింక్ ఫ్లాయిడ్, జెనెసిస్, డ్రీమ్ థియేటర్, స్పాక్స్ బియర్డ్... అన్నీ అరిగిపోయేదాక విన్న. కొత్తవి చూపమంటే ఫోన్ తిప్పితిప్పి వాళ్లనే వినిపిస్తది. ఈ ఇరవై ఏండ్లల్ల వచ్చిన మంచి ప్రోగ్రెసివ్ రాక్ (ప్రోగ్: పొడుగు పాటలు, మధ్యల మారే తాళాలు ఉండే రాక్) బ్యాండ్లను ఎట్ల వెతకాలె?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: పాటల యాప్ సలహా ఇచ్చే పద్ధతే అంత. మీరు విన్న ఆల్బమ్‌ను విన్నవాళ్లు ఇంకేం విన్నారో చూసి అదే మీకు పెడుతుంది. వాళ్లలో ఎక్కువమంది వినేదీ ఆ నాలుగు పెద్ద పేర్లే. అందుకని యాప్‌ను పక్కనపెట్టి మనుషుల వెంట పడండి. మీకు నచ్చిన ఆల్బమ్‌లో డ్రమ్స్ ఎవరు వాయించారు, మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన వాయిద్యాలు, గొంతులను కలపడం) ఎవరు చేశారు, ఏ లేబుల్ విడుదల చేసింది: ఈ మూడు పేర్లు రాసుకుంటే చాలు.

మీ జాబితాలోంచే ఒక దారి చూడండి. స్పాక్స్ బియర్డ్ డ్రమ్మర్ నిక్ డి వర్జీలియో తర్వాత ఇంగ్లండ్ బ్యాండ్ బిగ్ బిగ్ ట్రెయిన్‌లో చేరాడు. వాళ్ల 'ది అండర్‌ఫాల్ యార్డ్' (2009) వినండి. అదే బ్యాండ్‌లోకి తర్వాత వచ్చిన రికార్డ్ షోబ్లోమ్ అంతకుముందు స్వీడన్‌లో బియర్డ్‌ఫిష్ నడిపాడు. వాళ్ల 'స్లీపింగ్ ఇన్ ట్రాఫిక్' రెండు భాగాలుగా 2007, 2008లో వచ్చింది. రెండే అడుగుల్లో అమెరికా నుంచి స్వీడన్ చేరారు. ఈ దారిలో ఏ యాప్ తీసుకుపోదు.

మిక్సింగ్ దారి కాస్త బరువైన సంగీతం ఇష్టపడేవాళ్లకు బాగా పనికొస్తుంది. స్వీడన్ బ్యాండ్ ఓపెత్‌తో పనిచేసిన యెన్స్ బోగ్రెన్ పేరు పట్టుకుంటే లండన్ బ్యాండ్ హేకెన్ 'ది మౌంటెన్' (2013), నార్వే బ్యాండ్ లెప్రస్ 'బైలాటరల్' (2011) దొరుకుతాయి. లేబుల్ దారిలో జాగ్రత్త అవసరం. ఇన్‌సైడ్ అవుట్ లాంటి పెద్ద లేబుల్ దగ్గర సగం పేర్లు మీకు తెలిసినవే ఉంటాయి. నార్వేలోని కరిస్మా లాంటి చిన్నదాన్ని పట్టండి. వాబ్లర్ అనే బ్యాండ్ అక్కడే తగులుతుంది. పాతకాలపు మెలోట్రాన్ (టేపు మీది శబ్దాలను పలికించే కీబోర్డు) మోతను ఇంత శ్రద్ధగా వాడే బ్యాండ్లు ఇప్పుడు తక్కువ.

వాయించినవాళ్లు, మిక్సింగ్ చేసినవాళ్ల కోసం పాటల యాప్‌లో చూస్తే ఎక్కువసార్లు పాట రాసినవాళ్లు, నిర్మాత పేర్లే ఉంటాయి. పూర్తి వివరాలకు రికార్డుల సమాచారం ఉండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఆల్బమ్ పేజీ తెరిచి, వాయిద్యకారుడి పేరు నొక్కండి. అతను వాయించిన రికార్డులన్నీ వరుసగా వస్తాయి. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల చిన్న బొమ్మలు కనబడతాయి. ఎవరిదైనా నొక్కితే వాళ్లు కొన్నవన్నీ చూడొచ్చు. మీకు నచ్చిన రెండు అరుదైన ఆల్బమ్‌లు ఒకరి దగ్గరే ఉంటే, మూడోది కూడా నచ్చే అవకాశం ఎక్కువ.

చాలామంది తడబడేది మొదటి పాట దగ్గర. వాబ్లర్ 'ఫ్రమ్ సైలెన్స్ టు సమ్‌వేర్' (2017)లో తొలి పాటే దాదాపు 21 నిమిషాలు. అక్కడ మొదలుపెట్టి పది నిమిషాలకు ఆపేసి, బాగాలేదని తీర్పు ఇచ్చేస్తారు. కొత్త బ్యాండ్‌ను ఆరు నుంచి ఎనిమిది నిమిషాల పాటతో మొదలుపెట్టి, అది మూడుసార్లు విన్నాకే పెద్దదానికి పోవాలి. వారానికి ఒక ఆల్బమ్ చాలు. ఒకేరోజు పది బ్యాండ్లు వింటే ఒక్కటీ గుర్తుండదు.

ప్రశ్న: అచ్చంపేట నుంచి శ్రీశైలం బస్సుల పోతుంట. మన్ననూరు దాటినంక అడవిల సిగ్నల్ ఉండదు, అందుకే డౌన్‌లోడ్ చేసుకుంట. కానీ ఒక పాట నుంచి ఇంకో పాటకు ఆగకుండ పోవాల్సిన చోట చిన్న ఖాళీ వస్తది. ఎందుకు?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ఎంపీత్రీ ఫైలు చేసిన తీరు వల్ల. శబ్దాన్ని 1152 శాంపిళ్ల (శబ్దం కొలతల) ముక్కలుగా కోస్తారు. పాట సరిగ్గా ఆ ముక్క చివర ముగియదు కాబట్టి మిగిలినచోట నిశ్శబ్దం నింపుతారు. మొదట్లోనూ కొంత ఖాళీ చేరుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల రేటులో ఒక్కో ముక్క సెకనులో సుమారు ముప్పై ఎనిమిదో వంతే, అయినా చెవికి తెలిసిపోతుంది. ప్లేయర్ ఆ ఖాళీని గుర్తించి కోసేయాలి, అన్ని ప్లేయర్లూ ఆ పని చేయవు. శబ్దంలో ఏదీ పోకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లకు ఈ బాధ లేదు. గంట ఆల్బమ్ 320 కేబీపీఎస్ ఎంపీత్రీలో సుమారు 144 ఎంబీ అయితే, ఫ్లాక్‌లో దాదాపు 300 నుంచి 400 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నా ముందురోజు రాత్రి మూడు ఆల్బమ్‌లు దించుకోవచ్చు.

సెట్టింగుల్లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాటలో కలిపేది) సున్నాకు తెచ్చి, షఫుల్ (పాటల వరుస కలిపేసేది) తీసేయండి. వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఉంటే పాటకు కాకుండా ఆల్బమ్‌కు వర్తించేలా పెట్టండి. లేకపోతే తక్కువ శబ్దంతో మోగాల్సిన పాట పక్కదాని అంత గట్టిగా మోగుతుంది. బస్సు ఇంజిన్ మోతలో మెల్లని భాగాలు వినబడక వాల్యూమ్ పెంచుతారు, ఆ వెంటనే గిటార్లు పడి చెవులు గింగురుమంటాయి. చెవిలో బిగుతుగా కూర్చునే సిలికాన్ బుడిపెల ఇయర్‌ఫోన్లు వాడితే ఆ అవసరమే రాదు.

ప్రశ్న: బ్యాండ్‌క్యాంప్‌లో కొందామంటే కార్డు పనిచేయడం లేదు.
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు తెరిచి, చిన్న పరిమితి పెట్టి, కొన్నాక మళ్లీ మూసేయండి. విదేశీ మారకం రుసుము అదనంగా పడుతుందని లెక్కలో ఉంచుకోండి. ధర కొనేవారికే వదిలేసిన ఆల్బమ్‌లూ ఉంటాయి. బ్యాండ్ కనీస ధర పెట్టకపోతే అక్కడ సున్నా కొట్టినా దిగుతుంది. నచ్చితే తర్వాత డబ్బు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా.

ప్రశ్న: నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న. ఈ ప్రోగ్ పాటల్ల తాళం అందుత లేదు. మన దేశంల ఇట్లాంటి బ్యాండ్లు ఉన్నయా?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: మీకు అందరికంటే తొందరగా అందాలి. ఏడు లెక్క వస్తే మిశ్రచాపు, అయిదు వస్తే ఖండచాపు అనుకుని చెయ్యి వేయండి. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' మొదట్లో ఏడు లెక్క తేటగా వినబడుతుంది, దానితో మొదలుపెట్టండి. చిక్కు ఎక్కడంటే, కృతిలో తాళం చివరిదాకా ఒకటే. ఇక్కడ మధ్యలో మారిపోతుంది. డ్రమ్స్ నాలుగు మీద నడుస్తుండగా గిటార్ ఏడు వాయించడమూ ఉంది. అప్పుడు ఇద్దరూ 28 మాత్రలకు కలుస్తారు. గిటార్‌ను వదిలి స్నేర్ (డ్రమ్స్‌లో ఫట్‌మని మోగే చిన్న డ్రమ్) దెబ్బను పట్టుకోండి, కలిసేచోటు తెలుస్తుంది.

మన దేశంలో బెంగళూరు బ్యాండ్ అగమ్‌తో మొదలుపెట్టండి. వాళ్ల 'ఎ డ్రీమ్ టు రిమెంబర్' (2017)లో త్యాగరాజు నళినకాంతి కృతి 'మనవ్యాలకించరాదటే' ఉంది. సాహిత్యం, రాగం మీకు తెలిసినవే కాబట్టి వాళ్లు ఏం మార్చారో తేలిగ్గా పట్టేస్తారు. తర్వాత కొచ్చి మదర్‌జేన్ 'మక్తూబ్' (2008). గిటార్ మీద గమకాలు ఎట్లా పలుకుతాయో వినాలంటే అందులో బైజు ధర్మజన్ వాయించినది వినండి. స్కైహార్బర్ 'గైడింగ్ లైట్స్' (2014) ఇంకాస్త బరువు, దాన్ని చివరికి ఉంచుకోండి.