ఒకే వేలంలో పన్నెండు మంది గెలిస్తే ఎవరు ఎంత చెల్లించాలి?

ప్రశ్న: మా హైస్కూలు పూర్వవిద్యార్థుల సంఘం పాఠశాల గ్రంథాలయ భవనానికి నిధుల కోసం వేలం నిర్వహించింది. ఒక చిత్రకారుడు సంతకం చేసి ఇచ్చిన పన్నెండు ప్రింట్లను పెట్టి, ‘హెచ్చుగా పాడిన మొదటి పన్నెండు మందికి ఒక్కొక్కటి’ అని ఆహ్వానపత్రంలో వేశారు. చీటీ మీద మొత్తం రాసి ఇస్తే బోర్డు మీద ఎక్కించి, చివర మైకులో మూడుసార్లు అడిగి పాట ముగించారు. నేను 18,000 రూపాయలు పాడాను. పన్నెండో పేరు పక్కన 7,000 ఉంది. చీటీలు తీసుకుంటున్న కమిటీ సభ్యుడు ‘చివరి పాటే అందరికీ ధర’ అని మా బల్ల దగ్గర చెప్పాడు. ఇప్పుడు సంఘం నన్ను 18,000 కట్టమంటోంది. గెలిచినవారిలో ఒకరు తప్పుకున్నారని, పదమూడో స్థానంలో ఉన్న మా తమ్ముడు 6,500 కట్టి ప్రింటు తీసుకోవాల్సిందేనని ఫోను చేశారు. కట్టిన సొమ్ము మొత్తానికీ 80జి రసీదు (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం ఇచ్చేది) ఇస్తామంటున్నారు. మా బాధ్యత ఎంతవరకు?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, గుంటూరు

జవాబు: ఈ వివాదమంతా ఆహ్వానపత్రంలో రాయని ఒక్క వాక్యం వల్ల వచ్చింది. ఎవరు గెలుస్తారో అందులో చెప్పారు గాని, గెలిచినవారు ఏ ధర కట్టాలో చెప్పలేదు. ఒకే రకం వస్తువులు అనేకం ఉన్నప్పుడు ధర కట్టే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. ఎవరి పాట వారే చెల్లించడం ఒకటి, గెలిచినవారిలో అందరికన్నా తక్కువ పాడిన వ్యక్తి ధరనే అందరికీ వర్తింపజేయడం మరొకటి. రిజర్వు బ్యాంకు ప్రభుత్వ బాండ్లను వేలం వేసేటప్పుడు ఈ రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, కాని ఏ వేలం ఏ పద్ధతిలో జరుగుతుందో ముందే ప్రకటిస్తారు. ఇంకొన్ని చోట్ల హెచ్చుపాట పాడిన వ్యక్తి ఆ ధరకు తనకు కావలసినన్ని తీసుకున్నాక, మిగిలినవాటిని అదే ధరకు తరువాతివారికి ఇవ్వజూపుతారు. వీటిలో ఏదీ చట్టవిరుద్ధం కాదు. ఏది వర్తిస్తుందో పాట మొదలయ్యే ముందే అందరికీ తెలియాలన్నదే అసలు విషయం.

ఏ ప్రకటనా లేనప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. పాట అనేది కొనేవారు చేసే ప్రతిపాదన, ఆ పాటను ఖాయం చేయడం దానికి అంగీకారం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, సుత్తి దెబ్బతో గాని అక్కడి వాడుక ప్రకారం మరో విధంగా గాని ముగింపు ప్రకటించినప్పుడే విక్రయం పూర్తవుతుంది. అంతవరకు పాటదారు తన పాటను వెనక్కి తీసుకోవచ్చు. మన దగ్గర ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అనడం ఆ వాడుకే. వస్తువులను వేర్వేరు లాట్లుగా, అంటే విడివిడి భాగాలుగా పెట్టినప్పుడు ప్రతి లాటూ ప్రాథమికంగా ఒక విడి ఒప్పందమని కూడా అదే సెక్షన్ చెబుతుంది. కనుక వేరే షరతు ఏదీ లేకపోతే మీరు ప్రతిపాదించిన ధర 18,000, వారు అంగీకరించిన ధరా 18,000. పక్కవారికి అదే ప్రింటు 7,000కే దక్కిందన్న కారణం ఒక్కటే మీ ధరను తగ్గించదు. వినడానికి కష్టంగా ఉన్నా, ఇది ముందుగా తెలుసుకోవలసిన మాట.

అయితే మీ విషయంలో వేరే షరతు ఉందనడానికి ఆధారం కనిపిస్తోంది. ఆ మాట చెప్పినది పక్క బల్ల మీద కూర్చున్న మిత్రుడు కాదు, చీటీలు తీసుకునే పని మీద సంఘమే పంపిన కమిటీ సభ్యుడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ ప్రకారం, ప్రతినిధికి నిజంగా అధికారం లేకపోయినా, ఉన్నదని ఇతరులు నమ్మేలా యజమాని (పని అప్పగించినవారు, ఇక్కడ సంఘం) తన మాటల వల్లగాని ప్రవర్తన వల్లగాని చేసి ఉంటే, ఆ ప్రతినిధి చేసిన పనికి యజమాని కట్టుబడాలి. పాటలు స్వీకరించే వ్యక్తికి ధర నిబంధన చెప్పే అధికారం ఉందని పాటదారులు నమ్మడం సహజం. అందువల్ల మీరు చీటీ ఇవ్వకముందే ఆయన ఆ మాట అన్నారని రుజువు చేయగలిగితే, మీ పాటలో ఆ షరతు కలిసే ఉందని, మీ బాధ్యత 7,000 మాత్రమేనని గట్టిగా వాదించవచ్చు. చీటీ ఇచ్చిన తరువాత అన్నదైతే వాదన బలహీనపడుతుంది. అయినా పాట ముగిసేదాకా దాన్ని ఉపసంహరించుకునే హక్కు మీకు ఉండేది కాబట్టి, ఆ మాట నమ్మే ఉపసంహరించుకోలేదని చెప్పే వీలు కొంత మిగులుతుంది.

ఆ సభ్యుడు పొరపాటున చెప్పారని సంఘం అంటే, తప్పుడు సమాచారం వల్ల ఇచ్చిన సమ్మతి అన్న ప్రాతిపదికన కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ కింద ఒప్పందాన్ని రద్దు చేసుకునే దారి ఉంది. కాని మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగే అవకాశం ఉంటే ఆ హక్కు నిలవదని అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది; మైకు దగ్గరకు వెళ్లి అడగవచ్చు కదా అని సంఘం తప్పక అంటుంది. మీ బల్ల దగ్గర ఉన్నవారి వాంగ్మూలాలు, ఆనాటి వీడియో, వాట్సాప్ సందేశాలు ఇప్పుడే భద్రపరచుకోండి. ఇలాంటి తగాదా సెక్షన్ల కన్నా సాక్ష్యం మీదే ఎక్కువగా తేలుతుంది.

మీ తమ్ముడి విషయంలో నాకు సందేహం లేదు. పన్నెండు పాటలను అంగీకరించి వేలం ముగించినప్పుడే పదమూడో పాట వీగిపోయింది. ఎవరైనా తప్పుకుంటే తరువాతివారు తీసుకోవాలని, ఆ పాట ఇన్ని రోజులు నిలిచి ఉంటుందని ముందే ప్రకటించి ఉంటే తప్ప, సంఘం చేసిన ఫోను ఒక కొత్త ప్రతిపాదన మాత్రమే. ఆయనకు ఇష్టమైతే తీసుకోవచ్చు, లేకపోతే వద్దనవచ్చు. తప్పుకున్న విజేత మీద సంఘానికి వేరే మార్గం ఉంది. వస్తు విక్రయ చట్టం 54వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, సమంజసమైన గడువులోగా డబ్బు రాకపోతే ఆ ప్రింటును మళ్లీ అమ్మి, వచ్చిన నష్టాన్ని ఆయన నుంచి కోరవచ్చు. ఆ నష్టాన్ని మీ తమ్ముడి మీద మోపడం సరికాదు. ఒకరు తప్పుకున్నారు కనుక ఉమ్మడి ధర 6,500కు దిగిందని మీరు అనడం కూడా నిలవదని నా అభిప్రాయం, ఎందుకంటే పాట ముగిసిన క్షణంలోనే ధర ఖాయమైంది.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. అందరికీ చివరి పాటే ధర అయ్యే పద్ధతిలో, పన్నెండో స్థానంలో ఒక ఉత్తుత్తి పాట నిలిపితే మిగిలిన పదకొండు మంది ధరా పెరుగుతుంది. అమ్మేవారు తామూ పాడతామని ముందుగా ప్రకటించకుండా తామే పాడినా, మరొకరిచేత పాడించినా, ఆ విక్రయాన్ని మోసపూరితమైనదిగా పరిగణించే హక్కును 64వ సెక్షన్ కొనేవారికి ఇస్తుంది. మంచి పని కోసం చేశామన్నది దానికి జవాబు కాదు. మీ సంఘం అలా చేసిందని నేను అనడం లేదు. బోర్డు మీది పన్నెండు పేర్ల వెనుక పన్నెండు అసలైన చీటీలు ఉన్నాయో లేదో చూపించమని అడగడం మాత్రం తప్పు కాదు.

ప్రింట్ల అంచున సాధారణంగా పెన్సిలుతో 1/12, 2/12 అని వరుస సంఖ్య వేస్తారు. మీకు ఏ సంఖ్య ఉన్నది ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. వస్తు విక్రయ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ఏది మీదో నిర్ధారణ కానంతవరకు యాజమాన్య హక్కు మీకు బదిలీ కాదు.

ఇక 80జి రసీదు. వస్తువుకు ప్రతిఫలంగా కట్టినది కొనుగోలు ధర అవుతుంది గాని విరాళం కాదు. అమెరికాలో వస్తువు మార్కెట్ విలువకు మించి కట్టిన భాగాన్ని విరాళంగా చూపే వీలుంది కాబట్టి, అక్కడి బంధువులు చెప్పిన లెక్కను ఇక్కడ అన్వయించుకోకండి. సంఘానికి 80జి ఆమోదం ఉన్నా సరే, ప్రింటుకు కట్టిన సొమ్ముకు విరాళం రసీదు తీసుకోవద్దని నా సలహా. గ్రంథాలయానికి ఇంకా ఇవ్వాలని మీకు ఉంటే, దానిని విడిగా, చెక్కు ద్వారాగాని బ్యాంకు బదిలీ ద్వారాగాని ఇవ్వండి. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే వర్తించదు.

ప్రస్తుతానికి సంఘం కార్యదర్శికి ఒక లేఖ రాయండి. కమిటీ సభ్యుడు ఏమన్నారో, ఎప్పుడన్నారో, ఎవరు విన్నారో అందులో వివరించి, మీ హక్కులకు భంగం లేకుండా 7,000 చెల్లించడానికి సిద్ధంగా ఉన్నానని తెలిపి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మాట కుదరకపోతే, దావాకు ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసి లోక్ అదాలత్ ద్వారా రాజీకి ప్రయత్నించవచ్చు. దానికి కోర్టు రుసుము ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.