వానాకాలం పనికి పోతున్న బిడ్డకు

బిడ్డా,

కేబీఆర్ పార్కులో ఈ వానలకు నిన్ను పిచ్చికంప తీసే పనిలోకి తీసుకున్నారని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. అడవి కొలువులో ఇన్నేళ్లు తిరిగినవాణ్ణి, నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, మడిచి సంచిలో పెట్టుకో.

ముందుగా ఒక మాట. చుట్టూ జూబ్లీహిల్స్ ట్రాఫిక్ ఉన్నా అది నేషనల్ పార్కు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ కంచె లోపలి ప్రతి మొక్కకూ వర్తిస్తుంది, పిచ్చికంపతో సహా. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఏ నేలముక్కకు ఉందో ఆ ముక్కలోనే, గార్డు వెంట ఉన్నప్పుడే చెయ్యి వెయ్యాలి. ఉత్సాహంతో పక్క ముక్కలోకి పోవద్దు.

ఇక లాంటానా. మన ఊళ్లో పులికంప అంటాం, రంగురంగుల గుత్తిపూలది. మధ్య, దక్షిణ అమెరికాల మొక్క, ఇంగ్లీషువాళ్లు తోటల అందానికని తెచ్చారు. దీన్ని చూడగానే అందరూ చేసే పని కొడవలి తియ్యడం. నేనూ అదే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక గుట్ట మీద, రోహిణి కార్తె ఎండలో ఇరవై మంది కూలీలతో కంపంతా నేలమట్టానికి నరికించాను. కుప్పలు చూసి పై అధికారి మెచ్చుకున్నాడు. మృగశిర దాటి రెండు వానలు పడ్డాయో లేదో, ఒక్కో మొదలు నుంచి ఐదారు కొమ్మలు లేచాయి. మధ్యలో బోసిపోయిన నేలంతా వయ్యారిభామ (పార్థీనియం కలుపు) కమ్మేసింది. ఏడాది తిరిగేసరికి ఆ గుట్ట మునుపటికన్నా అధ్వానమైంది. ఆ కూలి డబ్బు, ఆ మనుషుల చెమట నా మూలాన మట్టిపాలయ్యాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

నరికితే, కాల్చితే లాంటానా చావదు. కాండం వేరులో కలిసే చోట ఒక మెడలాంటి భాగం ఉంటుంది, చిగుళ్లన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు గారు చెప్పిన పద్ధతి ఇదే: మొదలు చుట్టూ మట్టి కొంచెం తీసి, నేలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున తల్లివేరును ఒక్క దెబ్బకు తెంపాలి. పెద్ద గుంత అక్కర్లేదు, మన్ను కదిలిన కొద్దీ కొత్త విత్తనాలకు పరుపు వేసినట్టవుతుంది. ఊడదీసిన పొదను తలకిందులుగా, వేరు పైకి ఉండేట్టు పెట్టండి. కొమ్మ తడినేలకు తగిలితే మళ్లీ నాటుకుంటుంది. కాయ నల్లబడకముందే ఈ పని అయిపోవాలి. పండితే పికిలిపిట్టలు తిని పార్కంతా చల్లుతాయి.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. పిట్టలు వాలే చెట్ల కిందా, వాన నీరు పారే కాలువల పక్కనా లాంటానా మొలకలు వస్తాయి. నేల తడిగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో లాగితే వేరుతో సహా వస్తాయి. ఆకు నలిపి చూడు, గరుకుగా ఉండి ఘాటు వాసన వస్తే అదే. ఈ ఏడూ, వచ్చే ఏడూ, ఆ పై ఏడూ అదే ముక్కకు తిరిగి రావాలి. అందుకే మీ జట్టు ఎన్ని ఎకరాలు తీసిందని ఎవరైనా అడిగితే, పోయినేడు తీసిన చోట ఇప్పుడేం మొలిచిందో చూపించమని నువ్వు అడుగు. తీసిన చోటును ఖాళీగా వదలొద్దు. మన గడ్డి గింజలు చల్లాలి, బిల్లుడు, రేల, మోదుగ లాంటి మొలకలుంటే కాపాడాలి.

ఇంకో సంగతి. అక్కడ నెమళ్లు ఎక్కువ. వానాకాలంలో అవి నేల మీదే, పొద చాటున గుడ్లు పెడతాయి. కౌజులూ అంతే. ఉన్నపళంగా అంతా తీసేస్తే వాటికి నీడేది? చిన్న చిన్న ముక్కలుగా తీయాలి, మధ్యలో కొంత వదలాలి. పొదలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి, ఒక నిమిషం ఆగి చూడు. గూడు కనబడితే పిట్టపిల్లలు గూడు వదిలిపోయేదాకా ఆ ముక్కను మరిచిపో.

వయ్యారిభామను తెల్లపూత రాకముందే పీకాలి. మొలిచిన నాలుగైదు వారాలకే పూతకొస్తుంది, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మూతికి గుడ్డ తప్పనిసరి. చిన్నప్పుడు నీకు ఆయాసం ఉండేది కదా, నువ్వు ఆ పనికి దూరంగా ఉంటేనే మంచిది, మొహమాటపడకుండా చెప్పు. ఆకుల మీద లేతరంగు వీపున నల్లగీతలున్న చిన్న పెంకుపురుగు కనబడితే చంపొద్దు. ఆ కలుపును తినడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరు దగ్గర వదిలారు.

కొత్తవాళ్లు ఊపులో తంగేడునూ గునుగునూ కూడా పీకేస్తారు. బతుకమ్మకు పూలెక్కడివి మరి? గుర్తుపట్టలేని మొక్కను ముట్టుకోవద్దని జట్టులో అందరికీ చెప్పు. సీతాఫలం కూడా అమెరికా నుంచి వచ్చిందే, దాన్ని ఎవరూ శత్రువు అనరు. ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది కాదు, పక్కవాటిని బతకనిస్తుందా లేదా అన్నదే నేను చూస్తాను. సర్కారు తుమ్మ బతకనివ్వదు. మన కడప జిల్లా కమలాపురంలో 1877లో వంటచెరకు కోసమని నాటించారట, ఈ రోజు చెరువులూ బీళ్లూ దానివే. దాని ముల్లు చెప్పులోంచి దిగుతుంది, బూట్లు వేసుకో.

చెట్ల ఆరోగ్యం రాసే పని కూడా ఇస్తారు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి కొలవాలి. వాలు నేలలో ఎగువ వైపు నుంచి లెక్క. బెరడు పగిలి జిగురు కారుతోందా, రంధ్రాలున్నాయా, చెద ఎక్కిందా, బదనిక (చెట్టు కొమ్మ మీదే బతికే మొక్క) పట్టిందా, అన్నీ రాయి. వేప దగ్గర తొందరపడొద్దు. 2021లో తెలంగాణ అంతటా వేపకొమ్మలు చివర్ల నుంచి మాడిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అది, వానలకు పెరుగుతుంది. చెట్టు చచ్చిందనుకుని కొందరు నరికేశారు. చాలా చెట్లు ఎండాకాలానికి మళ్లీ చిగురించాయి. కొమ్మ బెరడును గోటితో గీకు. లోపల పచ్చగా ఉంటే "బతికి ఉంది" అని రాయి, ఖాళీగా వదలకు.

రక్తపింజర కదలకుండా ఆకుల్లో పడుంటుంది, కుప్పలు ఎత్తేటప్పుడు చేత్తో కాదు, కొక్కెంతో లాగండి. ఎవరికైనా కాటు పడితే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నడిపించొద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. మంత్రగాడి మాట ఎత్తితే వినొద్దు.

మొదటి రోజే ఒక రాయి చూసుకుని గుర్తు పెట్టుకో. ఆ రాయి మీద నిలబడి, ఒకే వైపుకు, ప్రతి పదిహేను రోజులకొక ఫొటో తియ్యి. తారీకు వెనకాల రాసుకో. దసరాకు వచ్చినప్పుడు ఆ ఫొటోలు తీసుకురా, ఇద్దరం కూర్చుని ఒక్కోటీ చూద్దాం. పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది.

మీ పెద్దబాపు